కొండవాలు మీద జీడితోట

1. మన చెట్టు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జీడిమామిడి చెట్టు తెలియని ఆడమనిషి ఉండదు. సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వెళితే ఉద్దానం. అక్కడ కొబ్బరి తోటల పక్కనే జీడితోటలు. సీతంపేట, కురుపాం వైపు వెళితే కొండలు. ఆ కొండవాలు మీద కూడా జీడి చెట్లే. 2022లో ఈ కొండ మండలాలు కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. జిల్లా పేరు మారింది. కొండ మారలేదు. చెట్టు మారలేదు.

అయితే ఈ చెట్టు పుట్టిల్లు మన దేశం కాదు. సముద్రాల అవతల ఉన్న బ్రెజిల్ దేశం. సుమారు 450 ఏళ్ల కిందట పోర్చుగీసు వాళ్లు దీన్ని ఓడల్లో గోవా వైపు తెచ్చారు. పప్పు కోసం తేలేదు. వానకు మట్టి కొట్టుకుపోకుండా ఈ చెట్టు వేర్లు పట్టి ఉంచుతాయని తెచ్చారు. ఆ తరవాత చాలా కాలానికి గాని పప్పు విలువ తెలియలేదు.

మన అడవుల్లో నల్లజీడి చెట్టు అంతకు ముందే ఉంది. దాని గింజ రసంతో బట్టల మీద గుర్తులు పెట్టేవారు. ఆ గుర్తు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. మామిడి, నల్లజీడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబం చెట్లు. అందుకే మామిడి సొన కూడా కొందరి మూతి కాలుస్తుంది. జీడి సొన చేతులు కాలుస్తుంది.

ఈ చెట్టుకు ఒక వింత ఉంది. చాలా పండ్లకు పిక్క లోపల ఉంటుంది. దీనికి పిక్క బయట వేలాడుతుంది. నిజానికి ఆ పిక్కే అసలు కాయ. మనం పండు అనుకునేది లావెక్కిన తొడిమ. ఆ పండులో నారింజలో కన్నా ఎక్కువ సి విటమిన్ ఉంది. గొంతు పట్టేస్తుందని చాలామంది పారేస్తారు. ముక్కలు కోసి ఉప్పు నీళ్లలో వేసి తీస్తే ఆ వగరు తగ్గుతుంది. పిల్లలకు పెట్టవచ్చు.

2. వాలు మీద నేల నిలవాలి

జీడి చెట్టు రాళ్ల నేలలో కూడా బతుకుతుంది. ఎర్ర నేల, ఇసక నేల దానికి ఇష్టం. ఒక్కటే పడదు. వేరు దగ్గర నీరు నిలవకూడదు. అందుకే పల్లపు పొలం కన్నా కొండవాలు మేలు.

కాని కొండవాలుకు ఒక జబ్బు ఉంది. పెద్ద వాన పడితే పై మట్టి గెడ్డలోకి పోతుంది. పోడు కొట్టిన కొండ మీద అది ఇంకా తొందరగా పోతుంది. బలం అంతా ఆ పై మట్టిలోనే ఉంటుంది. మట్టి పోయాక రాయి మిగులుతుంది. రాయి మీద నాటిన మొక్క పెరగదు.

మరి ఏం చెయ్యాలి? వరసలు కొండ పైనుంచి కిందికి వెయ్యకూడదు. వాలుకు అడ్డంగా వెయ్యాలి. ఒక వరసలో ఉన్న గుంటలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకే ఎత్తు అని ఎలా తెలుస్తుంది? దానికి మూడు కర్రలు, ఒక తాడు, ఒక రాయి చాలు.

రెండు పొడుగు కర్రలు సమానంగా తీసుకోండి. వాటి కొసలు పైన కలిపి కట్టండి. కాళ్లు ఎడంగా పెట్టండి. మధ్యలో మూడో కర్ర అడ్డంగా కట్టండి. పైకొస నుంచి తాడు వేలాడదీసి చివర రాయి కట్టండి. దీన్ని నేల మీద నిలబెట్టండి. తాడు అడ్డకర్రను ఎక్కడ తాకిందో బొగ్గుతో గీత పెట్టండి. ఇప్పుడు కాళ్లు ఒకదాని చోట ఇంకొకటి వచ్చేలా తిప్పి పెట్టండి. మళ్లీ గీత పెట్టండి. రెండు గీతలకూ సరిగ్గా నడుమ మూడో గీత పెట్టండి. ఇక తాడు ఆ నడిమి గీత మీదికి వస్తే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అక్కడ మేకు పాతి ముందుకు నడవాలి. ఇద్దరు ఆడవాళ్లు ఒక పూటలో ఎకరం గుర్తు పెట్టగలరు.

ప్రతి మొక్క చుట్టూ చందమామ సగం ముక్క ఆకారంలో చిన్న మడి చెయ్యాలి. కొండవైపు మట్టి తవ్వి, పల్లం వైపు వెయ్యాలి. పల్లం వైపు గట్టు ఎత్తుగా ఉండాలి. మడి కొంచెం కొండవైపే వాలి ఉండాలి. అప్పుడు వాన నీరు పారిపోదు. మొక్క దగ్గర ఇంకుతుంది. కొట్టుకు వచ్చిన మట్టి, ఆకు అక్కడే ఆగుతాయి.

3. అంటు మొక్క, గుంట

గింజ నాటితే చెట్టు వస్తుంది. కాని తల్లిలాంటి బిడ్డే పుడుతుందని చెప్పలేం. ఒక చెట్టు 10 కిలోలు కాస్తే పక్క చెట్టు 1 కిలో కాయవచ్చు. అందుకే అంటు మొక్క నాటాలి. బాగా కాసే చెట్టు కొమ్మను తెచ్చి చిన్న మొక్క మీద కడతారు. అదే అంటు.

మన రాష్ట్రంలో బాపట్లలో జీడిమామిడి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ తయారైన రకాలకు బి.పి.పి. అని పేరు. వాటిలో బి.పి.పి.-8 రకం పిక్క ఒక్కొక్కటి 8 గ్రాములు పైనే తూగుతుంది. కిలోకు 120 పిక్కలు తూగుతాయి. నాటు చెట్టు పిక్కలు చిన్నవైతే కిలోకు 200 తూగుతాయి. పెద్ద పిక్కలో పెద్ద పప్పు ఉంటుంది. పెద్ద పప్పుకు పెద్ద ధర.

చెట్టుకూ చెట్టుకూ 8 మీటర్ల ఎడం ఉండాలి. అంటే సుమారు 26 అడుగులు. వరసకు 8 చొప్పున 8 వరసలు వేస్తే 64 చెట్లు. ఆ నేల రమారమి ఒక ఎకరం.

గుంట రెండు అడుగుల పొడుగు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు తియ్యాలి. ఎండలో కొన్నాళ్లు వదలాలి. చెదలు, పురుగు గుడ్లు ఎండకు పోతాయి. తొలకరి పడ్డాక పై మట్టి, పశువుల గెత్తం కలిపి గుంట నింపాలి. వానల్లో మొక్క నాటాలి.

నాటేటప్పుడు మూడు మాటలు గుర్తు పెట్టుకోవాలి.

అంటు కట్టిన చోటు నేలకు మూడు వేళ్లు పైనే ఉండాలి. మట్టిలో కప్పకూడదు.

అంటుకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పెయ్యాలి. విప్పకపోతే కాండం లావెక్కే కొద్దీ అది బిగుసుకుంటుంది. మొక్క విరిగిపోతుంది.

గాలికి ఊగకుండా ఊతకర్ర పాతి కట్టాలి.

4. మొదటి మూడేళ్లు

అంటు కింది నుంచి కొత్త చిగుర్లు వస్తాయి. అవి చూడడానికి పచ్చగా, బలంగా ఉంటాయి. వాటిని చూసి మురిసిపోకూడదు. అవి అడుగు మొక్కవి. మంచి కొమ్మవి కావు. వచ్చినవి వచ్చినట్టు గిల్లెయ్యాలి. లేకపోతే పైన కట్టిన మంచి కొమ్మ చచ్చిపోతుంది. అడుగు మొక్కే చెట్టవుతుంది. డబ్బిచ్చి అంటు కొని, చివరికి నాటు చెట్టు పెంచినట్టు అవుతుంది.

మొదటి రెండేళ్లు పూత వస్తే తుంచెయ్యాలి. ఇది చాలామందికి మనసు ఒప్పదు. కాని పసిపిల్ల నెత్తిన బరువు పెడతామా? మొక్కకు ముందు వేరు, కాండం గట్టిపడాలి. మూడో ఏడు నుంచి కాపు ఉంచుకోవచ్చు. ఎనిమిదో ఏడు, పదో ఏడు వచ్చేసరికి నిండు కాపు వస్తుంది.

ఈ మూడేళ్లు తోట నడుమ నేల ఖాళీగా ఉంచనక్కరలేదు. ఉలవలు, కందులు, పసుపు వేసుకోవచ్చు. సీతంపేట కొండల అనాస పేరున్న పంట. అనాసను కూడా వాలుకు అడ్డంగా వరస వేస్తే మట్టిని పట్టి ఉంచుతుంది. తోట కాపుకు వచ్చే దాకా ఇల్లు గడవాలి గదా!

5. పురుగు, మందు, కాసరగోడు

జీడి చెట్టుకు ఇద్దరు పెద్ద శత్రువులు.

మొదటిది టీ దోమ. ఇది చిగురు, పూత వచ్చినప్పుడు రసం పీలుస్తుంది. చిగురు నల్లబడుతుంది. పూత మాడిపోతుంది. మబ్బు పట్టిన రోజుల్లో, మంచు కురిసే రోజుల్లో పూతను రోజూ చూసుకోవాలి.

రెండోది కాండం తొలిచే పురుగు. ఇది చెట్టు మొదట్లో బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి తొలుస్తుంది. చెట్టు మొదట్లో బంక కారినా, రంపపు పొట్టులాంటిది రాలినా పురుగు ఉన్నట్టే. అప్పుడే కత్తితో బెరడు తీసి పురుగును చంపాలి. మొదలు నుంచి మూడు అడుగుల ఎత్తు దాకా వేపనూనె కలిపిన నీళ్లు పూయాలి. ఆకు పసుపు రంగుకు తిరిగాక చూస్తే చెట్టు దక్కదు. అలా పూర్తిగా పోయిన చెట్టును వేళ్లతో పెకలించి తీసెయ్యాలి. లేకపోతే పురుగు పక్క చెట్టుకు పోతుంది.

మందు కొట్టక తప్పకపోతే ఉద్యాన అధికారిని అడగండి. మందు పేరు, ఎంత కలపాలో కాగితం మీద రాయించుకోండి. మందు డబ్బా మీద ఒక గుర్తు ఉంటుంది. దానిలో రంగు చూడండి. ఎరుపు అయితే మహా విషం. పసుపు అయితే ఎక్కువ విషం. నీలం అయితే ఒక మాదిరి విషం. ఆకుపచ్చ అయితే కొంచెం విషం. కొంచెమైనా విషం విషమే. గాలికి ఎదురుగా నిలబడి కొట్టకూడదు. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోసుకోకూడదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు, పాలిచ్చే తల్లులు మందు ముట్టుకోకూడదు.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెప్పాలి? కేరళలో కాసరగోడు అనే జిల్లా ఉంది. అక్కడా కొండల మీద జీడితోటలు ఉన్నాయి. టీ దోమ కోసం 1970ల చివరి నుంచి 2000 దాకా ప్రభుత్వ తోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే మందు చల్లారు. తోటల కింద ఊళ్లు ఉన్నాయి. బావులు, వాగులు ఉన్నాయి. కొన్నేళ్లకు ఆ ఊళ్లలో అవిటితనంతో పుట్టే పిల్లలు, పెద్ద జబ్బులు కనిపించాయి. అక్కడి తల్లులు, ఊరి డాక్టర్లు, రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఆ మందును ఆపించింది. పూతను కాపాడబోయి పిల్లలను పోగొట్టుకోకూడదు. కాసరగోడు మనకు చెప్పే పాఠం ఇదే.

6. ఏరడంలోనే నాణ్యం ఉంది

మంచి రకం నాటారు. బాగా పెంచారు. అయినా సరుకు పాడైపోవచ్చు. ఎక్కడ? ఏరే చోట, ఎండబెట్టే చోట. ఈ రెండు పనులూ చాలా ఇళ్లలో ఆడవాళ్లవే.

మన వైపు పిక్కలు మార్చి నుంచి మే దాకా వస్తాయి. పండి రాలిన పిక్కే మంచి పిక్క. కొమ్మ దులిపితే, కర్రతో కొడితే పచ్చి కాయలు, పువ్వులు కూడా రాలతాయి. ఈరోజు బుట్ట నిండుతుంది. రేపటి బుట్ట ఖాళీ అవుతుంది. చెట్టు కింద ముందే తుప్పలు కొట్టి, ఊడ్చి ఉంచుకుంటే ఏరడం సుళువు. పాము, తేలు భయం కూడా తగ్గుతుంది.

రోజూ ఏరాలి. ఏ రోజు పండును ఆ రోజే పిక్క నుంచి తిప్పి తియ్యాలి. పిక్కకు పండు తునక అంటుకుని ఉండకూడదు. ఉంటే బూజు పడుతుంది. చేతులకు ముందే ఆముదం గాని, కొబ్బరినూనె గాని రాసుకోవాలి.

అప్పుడే ఏరిన పిక్కలో తేమ ఎక్కువ. 100 కిలోలకు 20 కిలోలు నీరే ఉండవచ్చు. దాన్ని 8 కిలోల దాకా దించాలి. మట్టి నేల మీద కాదు, సిమెంటు గచ్చు మీద గాని చాప మీద గాని పలచగా పరచాలి. రెండు మూడు రోజులు మంచి ఎండలో తిరగేస్తూ ఉండాలి. రాత్రి మంచు తగలకుండా కప్పాలి.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? గోటితో నొక్కండి. గాటు పడకూడదు. గుప్పెడు పిక్కలు తీసి గలగలలాడించండి. గట్టి మోత రావాలి. పచ్చి పిక్కలు మెత్తగా చప్పుడు చేస్తాయి.

సరుకులో తాలు ఎంత ఉందో చూడాలంటే ఒక గిద్దెడు పిక్కలు నీళ్లలో వెయ్యండి. మునిగినవి గట్టివి. తేలినవి లేత పిక్కలు. ఈ పరీక్ష కొద్ది పిక్కలతోనే చెయ్యాలి. ఎండిన సరుకంతా తడపకూడదు.

ఎండిన పిక్కలను గోనె సంచుల్లో పొయ్యాలి. ప్లాస్టిక్ సంచిలో పోస్తే లోపల చెమట పడుతుంది. సంచులను నేల మీద కాక చెక్కల మీద పెట్టాలి. తడి పిక్క నిలవ ఉంటే లోపల పప్పు నల్లబడుతుంది. పైకి ఏమీ కనిపించదు. కోసిన రోజు తెలుస్తుంది.

7. పూత మీద బేరం

ఒక గూడెం అనుకుందాం. ఆ గూడెంలో ఒక ఇల్లు. అత్త, కోడలు, కొడుకు, ఇద్దరు పిల్లలు. కొండ మీద ఒక ఎకరం. 64 జీడి చెట్లు. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది.

జనవరి నెల. చెట్లు పూత మీద ఉన్నాయి. కొడుకు కాలు విరిగింది. ఆసుపత్రికి 10,000 రూపాయలు కావాలి. అప్పుడే సంతకు వచ్చే షావుకారు ఇంటికి వచ్చాడు.

"కాపంతా నాకు వదిలెయ్యండి. 12,000 ఇప్పుడే ఇస్తాను. ఏరుకోడం, ఎండబెట్టుకోడం నా బాధ" అన్నాడు.

కిందటేడు కూడా అలాగే ఇచ్చారు. ఆ ముందటేడూ అంతే. అత్త ఒప్పుకోబోయింది. కోడలు పలక తీసింది.

"అత్తా, సెట్టుకి 5 కిలోలు కాస్తే 64 సెట్లకి 320 కిలోలు. 80 కిలోల బస్తాలు 4. కిలో వంద రూపాయలేసినా 32,000 అవుతాది."

"ఆలు నేదు, సూలు నేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది. పువ్వు సూసి బస్తాలు లెక్కెడతావేటే?" అంది అత్త.

"అందుకే సగమే లెక్కేసి సూడు. మంచుకి సగం పువ్వు మాడిపోయినా 160 కిలోలు. 16,000. అదీ ఆయనిచ్చిందానికన్నా ఎక్కువే."

"మరి ఆసుపత్రికి?"

ఆ మాటకు కోడలి దగ్గర వెంటనే జవాబు లేదు. మర్నాడు పొదుపు సంఘంలో అడిగింది. సంఘం 10,000 రూపాయలు అప్పు ఇచ్చింది. వడ్డీ నెలకు నూటికి ఒక రూపాయి. కాపు అమ్మాక నాలుగు నెలలకు తీర్చాలి. షావుకారును ఈ ఏడు వద్దన్నారు.

ఆ ఏడు కాపు అనుకున్నంత రాలేదు. ఫిబ్రవరిలో మబ్బు పట్టి పూత కొంత పోయింది. ఎండిన పిక్కలు 250 కిలోలు వచ్చాయి. అత్తాకోడళ్లు కూర్చుని 10 కిలోల తాలు పిక్కలు ఏరేశారు. 240 కిలోలు మిగిలాయి. సరిగ్గా 3 బస్తాలు.

కాటా దగ్గర కొనే మనిషి బస్తాకు 5 కిలోలు తరుగు తీస్తానన్నాడు. "తరుగు దేనికి బాబూ?" అని కోడలు అడిగింది. "తేమకు" అన్నాడు. "కోసి సూడండి. మీకు నచ్చిన బస్తాలోంచే తియ్యండి" అంది. అతడు గుప్పెడు పిక్కలు తీసి కోశాడు. పప్పు తెల్లగా, నిండుగా ఉంది. చివరికి గోనె బరువు కింద బస్తాకు 1 కిలో తరుగు ఒప్పుకున్నారు. ధర కిలో 100 అనుకుంటే 95 పలికింది. 237 కిలోలకు 22,515 రూపాయలు వచ్చాయి.

సంఘం అప్పు 10,000. నాలుగు నెలల వడ్డీ 400. అది కట్టాక చేతిలో 12,115 మిగిలాయి. ఆసుపత్రి ఖర్చు తీరిపోయింది. పూత మీద అమ్మి ఉంటే, ఆసుపత్రికి కట్టాక మిగిలేది 2,000.

అత్త ఆ కాగితం తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "ఇందులో 12,115 ఏదే?" అని అడిగింది. కోడలు వేలు పెట్టి చూపించింది.

ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు. అసలు ధర ఏటేటా మారుతుంది. ఒక్కొక్క ఏడు బాగా పడిపోతుంది కూడా. ఎందుకంటే మన ఫ్యాక్టరీలకు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు వస్తాయి. ఐవరీ కోస్ట్, ఘనా, టాంజానియా దేశాల పిక్కలు ఓడల్లో దిగుతాయి. అక్కడ పంట బాగా పండితే ఇక్కడ ధర మీద దాని బరువు పడుతుంది. దూరదేశపు వాన మన సంతలో ధర మారుస్తుంది. ఆ ధర మన చేతిలో లేదు. ఎండబెట్టడం, తాలు ఏరడం, కాటా చదవడం మన చేతిలో ఉన్నాయి. బాగా ఎండిన పిక్కను కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకోవచ్చు. తడి పిక్క ఉన్న మనిషి ఆ రోజు ఎంతకు అడిగితే అంతకు ఇచ్చుకోవాలి.

కొండ ప్రాంతంలో గిరిజన సహకార సంస్థ కూడా ఉంది. 1956లో పెట్టారు. దాన్ని జి.సి.సి. అంటారు. ఆ ఏడు అక్కడ పిక్కలు కొంటున్నారా, ధర ఎంత అని అడిగి తెలుసుకుని అప్పుడు సంతకు వెళ్లాలి. రెండు ధరలు తెలిసిన వాళ్లను మోసం చెయ్యడం కష్టం.

8. పలాసలో పిక్క పప్పు అవుతుంది

పలాస, కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. అక్కడ పిక్కలను ఆవిరి మీద ఉడికిస్తారు. లేదా కాలుస్తారు. తరవాత కోసే మిషను మీద పెంకు పగలగొడతారు. పప్పును బట్టీలో వేడి చేస్తారు. పై పొర ఒలుస్తారు. సైజుల వారీగా ఏరతారు. ఒలవడం, ఏరడం ఎక్కువగా ఆడవాళ్ల పని.

పెంకులో ఉన్న నూనె చర్మాన్ని కాలుస్తుంది. పిక్కలు కోసే అక్కలు చేతులకు బూడిద, ఆముదం రాసుకుంటారు. చేతి తొడుగు ఇంకా మేలు. ఆ నూనెను రంగుల తయారీలో, బళ్ల బ్రేకుల తయారీలో వాడతారు.

పప్పు డబ్బా మీద డబ్ల్యూ-210, డబ్ల్యూ-320 అని రాసి ఉంటుంది. డబ్ల్యూ అంటే తెల్ల పప్పు. అంకె ఏమిటి? ఒక పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. పౌను అంటే 454 గ్రాములు. 210 పప్పులే తూగాయంటే పప్పు పెద్దది. 320 తూగాయంటే చిన్నది. ఇక్కడ చిన్న అంకెకే పెద్ద ధర. 80 కిలోల మంచి పిక్కలు కొడితే 20 కిలోలకు పైగా పప్పు రావాలి. తాలు కలిసిన బస్తాలో అంత రాదు. ఫ్యాక్టరీ వాళ్లు బస్తాకు ధర కట్టేది ఈ లెక్క చూసే.

9. పట్టాలో ఎవరి పేరు ఉంది?

చెట్టు నాటింది ఎవరు? నీళ్లు మోసింది ఎవరు? పిక్కలు ఏరింది ఎవరు? ఆడమనిషి. మరి నేల కాగితంలో ఆమె పేరు ఉందా?

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి నేల సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబాలకు ఆ నేల మీద హక్కు ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. ఒక కుటుంబానికి 4 హెక్టార్ల దాకా ఇవ్వవచ్చు. అంటే సుమారు 10 ఎకరాలు. పెళ్లయిన వాళ్లయితే హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరున ఉండాలి. ఒంటరి ఆడమనిషి ఇల్లు నడుపుతుంటే ఆమె పేరునే ఉండాలి. ఈ నేల పిల్లలకు వస్తుంది. అమ్మడానికి వీల్లేదు.

హక్కు కోసం మొదట అడగవలసిన చోటు గ్రామసభ. అక్కడే దరఖాస్తు ఇవ్వాలి. పత్రం చేతికి వచ్చాక పెట్టెలో దాచేముందు చదవండి. మీ పేరు ఉందా? పేరు సరిగ్గా రాశారా? హద్దులు సరిపోయాయా? చదివిన తరవాతే వేలిముద్ర కాదు, సంతకం పెట్టండి.

10. తుపాను వస్తే

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. ముప్పై ఏళ్లు పెంచిన తోట ఒక్క రాత్రిలో పోయింది. కొత్త మొక్క నాటితే మళ్లీ కాపుకు ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఇల్లు ఎలా గడవాలి? చాలామంది వలస పోయారు.

పడిన చెట్లన్నీ చచ్చినవి కావు. వేళ్లు సగం నేలలో ఉన్న చిన్న చెట్టు కొమ్మలు కొట్టేసి, నిలబెట్టి, మొదట్లో మట్టి వేసి, ఊతం కడితే బతకవచ్చు. నిలబడి ఉన్న ముసలి చెట్టును నేలకు రెండు మూడు అడుగుల ఎత్తులో నరికి, వచ్చిన కొత్త చిగురు మీద మంచి రకం అంటు కట్టవచ్చు. పాత వేరు బలం ఉంటుంది గనక అది తొందరగా కాపుకు వస్తుంది.

తుపాను నష్టం రాసుకోవడానికి అధికారులు వస్తారు. అప్పుడు నోటి లెక్క చాలదు. ఎన్ని చెట్లు, ఏ వయసువి, ఏటా ఎంత కాస్తాయి, ఎంతకు అమ్మారు అన్నది పుస్తకంలో రాసి ఉండాలి. అందుకే తోటకు ఒక పుస్తకం పెట్టండి. ఏరిన కిలోలు, అమ్మిన తేదీ, తీసిన తరుగు, వచ్చిన డబ్బు అందులో రాయండి. పుస్తకం పెట్టిన తోటకు సాక్ష్యం ఉంటుంది.

లెక్క కట్టండి

1. ఒక తోటలో 40 చెట్లు ఉన్నాయి. చెట్టుకు 6 కిలోలు కాసింది. మొత్తం ఎన్ని కిలోలు? 80 కిలోల బస్తాలు ఎన్ని?

2. బస్తాకు 5 కిలోల తరుగు తీస్తే 3 బస్తాలకు ఎన్ని కిలోలు పోతాయి? కిలో 95 రూపాయలైతే ఎంత డబ్బు పోతుంది?

3. పాఠంలో అత్తాకోడళ్లు రెండు నెలలకు పైగా పొద్దున్నే కొండెక్కి పిక్కలు ఏరారు. ఆ కూలి లెక్కలో వెయ్యలేదు. వెయ్యాలా? వేస్తే రోజుకు ఎంత వెయ్యాలి? మీ సంఘంలో మాట్లాడుకోండి.

రాయండి

1. మీ ఇంటి నేల కాగితం తీసి చూడండి. అందులో ఎవరి పేర్లు ఉన్నాయో రాయండి.

2. ఈ వారం సంతలో జీడి పిక్కల ధర ఎంతో ముగ్గురిని అడిగి మూడు ధరలూ రాయండి. మూడూ ఒకటేనా? కాకపోతే ఎందుకు?